టెరాహెర్ట్జ్ చిప్పుల్లో టోపాలజీ: హామీ ఎంత, నిలిచింది ఎంత

విద్యుదయస్కాంత తరంగాన్ని పదునైన మూల దగ్గర తిప్పితే కొంత వెనక్కి కొడుతుంది, కొంత బయటికి చిమ్ముతుంది. మైక్రోవేవ్ ఇంజనీర్లకూ ఆప్టికల్ చిప్పులు గీసేవాళ్ళకూ ఇది తరాల నాటి తలనొప్పి. దీనికి శాశ్వత వైద్యం దొరికిందన్న మాట 2009 తర్వాత భౌతికశాస్త్ర పత్రికల్లో గట్టిగా వినపడింది. ఆ వైద్యం పేరు టోపలాజికల్ ఫోటానిక్స్. 2020లో అది టెరాహెర్ట్జ్ సిలికాన్ చిప్ మీదికి వచ్చింది. పది పదునైన మలుపులు తిరిగిన దారికీ, నిటారు దారికీ పెద్ద తేడా లేదని చూపించారు. మూడేళ్ళు తిరక్కుండానే అదే కుటుంబానికి చెందిన నిర్మాణాల మీద మరో బృందం నష్టాలు కొలిచి, రక్షణ జాడే లేదని తేల్చింది.

ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడ్డారని అనుకోవడం సులువు. పత్రాలు పక్కపక్కన పెట్టి చదివితే అలా అనిపించదు. ఇద్దరూ కొలిచింది సరిగ్గానే ఉంది, కాకపోతే కొలిచిన సంగతులు వేరు. మలుపు దగ్గర రక్షణ ఒకటి, చెక్కుడులో దొర్లే చిన్నచిన్న లోపాల నుంచి రక్షణ ఇంకొకటి. ఈ రెంటినీ ఒకే మాట కింద కలిపేయడంతో తగవు ముదిరింది.

ఈ పట్టీకి ఇంత గిరాకీ ఎందుకు

0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ దాకా ఉన్న పౌనఃపున్యాలను టెరాహెర్ట్జ్ పట్టీ అంటున్నారు. తరంగదైర్ఘ్యంలో చెప్పాలంటే 3 మిల్లీమీటర్ల నుంచి 30 మైక్రాన్ల దాకా. కింది వైపు నుంచి ట్రాన్సిస్టర్లు, పై వైపు నుంచి లేజర్లు ఇక్కడికి చేరేసరికి రెండూ నీరసిస్తాయి. ఈ పట్టీ అంచుల్లో తొలి ప్రయోగాల్లో కొన్ని మన దేశంలోనే జరిగాయి. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 5 మిల్లీమీటర్ల దాకా పొట్టి తరంగాలను పుట్టించి, వాటి వక్రీభవనాన్నీ ధ్రువణాన్నీ పరీక్షించాడు. అంటే 60 గిగాహెర్ట్జ్ దరిదాపు. ఆ తర్వాత ప్రపంచం దీర్ఘ తరంగాల రేడియో వైపు వెళ్ళిపోయి, ఈ పట్టీని దాదాపు అర్ధ శతాబ్దం పక్కన పెట్టింది.

ఇప్పుడు తిరిగి రావడానికి కారణం చోటు కరువు. 5జీ తొలి ప్రమాణంలో మిల్లీమీటర్ పట్టీలో ఒక వాహకానికి దొరికే గరిష్ఠ వెడల్పు 400 మెగాహెర్ట్జ్. 2017లో వచ్చిన ఐఈఈఈ 802.15.3డి ప్రమాణం 300 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒక్కో ఛానల్‌ను 69 గిగాహెర్ట్జ్ దాకా విస్తరించుకోనిస్తుంది. 2019లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం 275, 450 గిగాహెర్ట్జ్‌ల మధ్య మొత్తం 137 గిగాహెర్ట్జ్ స్థలాన్ని సమాచార సేవలకు గుర్తించింది. గాలిలో దారి తెరుచుకుంది. చిక్కంతా చిప్ లోపల ఉంది.

మామూలు చిప్పుల్లోని లోహపు తీగలు 300 గిగాహెర్ట్జ్ దగ్గర సంకేతాన్ని వేడిగా మార్చి తినేస్తాయి. తరంగాన్ని నడిపించే బోలు లోహపు వేవ్‌గైడ్లలో నష్టం తక్కువే గానీ అవి మరపట్టిన లోహపు దిమ్మెలు, చిప్‌లో ఇమడవు. మిగిలింది సిలికాన్. మలినాలు బాగా తీసేసి, నిరోధకత 10 కిలో ఓమ్ సెంటీమీటర్లకు మించేలా తయారుచేసిన సిలికాన్ ఈ తరంగాలను దాదాపు మింగదు. దాని వక్రీభవన గుణకం 3.42, కాబట్టి తరంగాన్ని లోపల గట్టిగా పట్టి ఉంచుతుంది. అయితే సన్నని సిలికాన్ కమ్మీని గాలిలో నిలబెట్టడానికి ఏదో ఒక ఆసరా కావాలి. ఆసరాగా పెట్టిన పదార్థం తరంగాన్ని పీలుస్తుంది. కమ్మీని గట్టిగా వంచితే వంపు దగ్గర కారిపోతుంది. మెల్లగా వంచితే చోటు చాలదు, ఎందుకంటే ఇక్కడ తరంగదైర్ఘ్యమే మిల్లీమీటరు. టోపాలజీ మాటకు చెవులు నిక్కబొడుచుకున్నది ఈ వంపు దగ్గరే.

హాల్ ప్రభావం నుంచి కాంతి దాకా

కథ ఎలక్ట్రాన్లతో మొదలైంది. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ గట్టి అయస్కాంత క్షేత్రంలో, అతిశీతలంలో ఉన్న ఒక పలచని ఎలక్ట్రాన్ల పొర విద్యుద్వాహకత మెట్లుమెట్లుగా మారుతుందని చూశాడు. నమూనాలో మలినాలున్నా, అంచులు వంకరపోయినా మెట్ల విలువ చెక్కు చెదరలేదు. 1982లో డేవిడ్ థౌలెస్ బృందం కారణం చెప్పింది. ఆ మెట్ల వెనక చెర్న్ సంఖ్య అనే పూర్ణాంకం ఉంది. పూర్ణాంకం కొద్దికొద్దిగా మారలేదు. గారెను ఎంత నొక్కినా, సాగదీసినా దాని చిల్లు ఒకటే ఉంటుంది, చింపితే తప్ప అది ఇడ్లీ కాదు. ఇలాంటి చెదరని గుణాల గణితమే టోపాలజీ. రెండు వేర్వేరు పూర్ణాంకాలున్న పదార్థాలు ఒకదాన్నొకటి తాకితే, ఆ సరిహద్దు వెంట ఒక దారి ఏర్పడి తీరాలి. ఆ దారిలో ప్రయాణం ఒక దిక్కుకే. వెనక్కి తిరిగే దారే లేనప్పుడు అడ్డొచ్చిన దాన్ని చుట్టుకుని ముందుకు పోవడమే మిగులుతుంది.

1988లో డంకన్ హాల్డేన్ బయటి నుంచి మొత్తంగా అయస్కాంత క్షేత్రం లేకున్నా, తేనెపట్టు లాంటి జాలకంలో ఇదే ఫలితం రావచ్చని నమూనా కట్టాడు. థౌలెస్, హాల్డేన్, కోస్టర్లిట్జ్‌లకు 2016లో నోబెల్ వచ్చింది ఈ కోవకు చెందిన పనికే.

అసలు మలుపు ఆ తర్వాతది. ఈ గణితానికి ఎలక్ట్రానే ఉండక్కర్లేదు, తరంగం చాలు. హాల్డేన్, రఘు కలిసి 2005లో రాసి 2008లో అచ్చేసిన పత్రాల్లో కాంతికీ ఇది వర్తిస్తుందని చూపారు. కాంతి విషయంలో జ్యామితీయ దశ (తరంగం తిరిగివచ్చిన దారి ఆకారం వల్లే దాని దశలో వచ్చే మార్పు) అన్న ఆలోచన పాతదే. 1956లో బెంగళూరులో ఎస్. పంచరత్నం ధ్రువిత కాంతి మీద రాసిన వ్యాసంలో దాని బీజం ఉంది. మైకేల్ బెర్రీ 1984లో దాన్ని స్వతంత్రంగా, విస్తృతంగా కనుగొన్న తర్వాతే పంచరత్నం పనికి దక్కాల్సిన గుర్తింపు దక్కింది. టోపలాజికల్ ఫోటానిక్స్ లెక్కలన్నీ నిలబడ్డది ఈ దశ మీదే.

2009లో ఎంఐటీలో వాంగ్, చోంగ్, జొవానొపులస్, సోల్యాచిచ్ బృందం ప్రయోగం చేసింది. అయస్కాంత గుణమున్న ఫెర్రైట్ కడ్డీలను వరసల్లో నిలబెట్టి, 0.2 టెస్లా క్షేత్రం పెట్టి, సుమారు 4.5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌ను అంచు వెంట పంపారు. దారికి అడ్డంగా లోహపు పలక పెట్టినా తరంగం దాన్ని చుట్టుకుని వెళ్ళింది. ‘వెనక్కి కొట్టని కాంతి’ అన్న మాటకు ప్రామాణిక ఉదాహరణ ఇప్పటికీ ఇదే.

మూడు దారులు, మూడు ఖరీదులు

ఆ ప్రయోగాన్ని ఉన్నది ఉన్నట్టు టెరాహెర్ట్జ్‌కు తీసుకురావడం కుదరలేదు. ఫెర్రైట్ల అయస్కాంత స్పందన మైక్రోవేవ్ దాటాక పడిపోతుంది. ఇండియం యాంటిమోనైడ్ లాంటి అర్ధవాహకాలు అయస్కాంత క్షేత్రంలో టెరాహెర్ట్జ్‌కు గట్టిగా స్పందిస్తాయి, నిజమే. కానీ అవి తరంగాన్ని మింగుతాయి కూడా, పైగా పక్కన అయస్కాంతం ఉండాలి. నిఖార్సైన రక్షణ ఇచ్చే దారి ఇదొక్కటే, చిప్ మీదికి తేవడానికి అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే.

అందుకని అయస్కాంతం లేకుండా పని జరిపే ఉపాయాలు వెతికారు. 2013లో రెక్ట్స్‌మన్ బృందం గాజులో మెలితిరిగిన వేవ్‌గైడ్లు చెక్కింది. హఫేజీ బృందం సిలికాన్ వలయాల వరసతో అదే సాధించింది. చిప్ పరంగా ఎక్కువ మందిని ఆకర్షించినది 2015లో వు, హు ప్రతిపాదించిన పద్ధతి. ఆరేసి కడ్డీల గుంపులను కొంచెం దగ్గరికి నొక్కితే ఒక రకం పదార్థం, దూరం జరిపితే మరో రకం. సరిహద్దు వెంట ఒక రకం భ్రమణంతో ఉన్న కాంతి ఎడమకూ, రెండో రకం కుడికీ పోతుంది. మామూలు పదార్థాలతోనే అయిపోయే పని. దీని లోపం పలకకు పైనా కిందా కనబడుతుంది. ఈ తరంగాలు గాలిలోకి తప్పించుకునే హద్దుల లోపలే ఉండటంతో సన్నని పలకలో అవి పైకీ కిందికీ కారిపోతాయి.

మూడోది వ్యాలీ పద్ధతి. 2016లో మా, ష్వెట్స్ సిలికాన్‌తోనే దీన్ని కట్టవచ్చని చూపారు. తేనెపట్టు జాలకంలో ఒక్కో గడిలో రెండు చిల్లులుంటాయి. రెండూ సమానమైతే పట్టీల మధ్య ఖాళీ, అంటే జాలకంలో తరంగం పోలేని పౌనఃపున్యాల మేర, ఉండదు. ఒకదాన్ని పెద్దది చేసి రెండోదాన్ని చిన్నది చేస్తే ఖాళీ తెరుచుకుంటుంది; తరంగపు దిక్కుల పటంలో అది తెరుచుకునే రెండు రకాల చోట్లే వ్యాలీలు. ఏది పెద్దది అన్నదాన్ని బట్టి రెండు రకాల జాలకాలు తయారవుతాయి. రెంటినీ అంటించిన గీత వెంట తరంగం పోతుంది. ఈ తరంగాలు గాలిలోకి తప్పించుకునే హద్దుకు దిగువన ఉంటాయి కనుక సన్నని పలకలోనే నిలబడతాయి. టెరాహెర్ట్జ్ చిప్పుల్లో వ్యాలీ గెలవడానికి కారణం రక్షణ ఎక్కువని కాదు, కారడం తక్కువని. ఈ తేడాను చాలా పత్రాల ఉపోద్ఘాతాలు మసకబార్చాయి.

ఎందుకంటే వ్యాలీలో చెర్న్ సంఖ్య మొత్తంగా సున్నాయే. ఒక్కో వ్యాలీ చుట్టూ వేరుగా లెక్కేస్తే సగం, మైనస్ సగం వస్తాయి. ఆ సగం కూడా ఖాళీ సన్నగా ఉన్నప్పుడే కచ్చితం. ఖాళీని వెడల్పు చేసేకొద్దీ ఆ లెక్క పలచబడుతుంది. ఎక్కువ సమాచారం పంపాలంటే ఖాళీ వెడల్పుగా ఉండాలి, రక్షణ బిగువుగా ఉండాలంటే సన్నగా ఉండాలి. డిజైన్ చేసేవాళ్ళు ఈ రెంటి మధ్య ఎక్కడో రాజీ పడక తప్పదు. పైగా అయస్కాంతం లేక కాల విపర్యయ సౌష్ఠవం (కాలాన్ని వెనక్కి నడిపినా నియమాలు మారకపోవడం) చెడలేదు కనుక, ముందుకు పోయే ప్రతి దారికీ వెనక్కి వచ్చే జంట దారి అదే గీత మీద ఉంటుంది. రెంటికీ మధ్య ఉన్న అడ్డుగోడ ఒకటే, అవి వేర్వేరు వ్యాలీలకు చెందడం. గడి కన్నా చిన్న లోపం ఏదైనా ఆ గోడ దూకించగలదు.

సింగపూర్, ఒసాకా చిప్ దగ్గరగా

2020లో నేచర్ ఫోటానిక్స్‌లో వచ్చిన పత్రం సింగపూర్ నన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రంజన్ సింగ్ బృందం, ఒసాకా విశ్వవిద్యాలయంలో మసయుకి ఫుజితా, తదావో నగత్సుమాల బృందం కలిసి చేసిన పని. చిప్ పొడవు 26, వెడల్పు 8 మిల్లీమీటర్లు. సిలికాన్ మందం 190 మైక్రాన్లు. గడి 242.5 మైక్రాన్లు. ఒక్కో గడిలో రెండు త్రిభుజాకారపు చిల్లులు. పెద్దదాని భుజం గడిలో 0.65 వంతు, అంటే 158 మైక్రాన్ల దరిదాపు. చిన్నది 0.35 వంతు, 85 మైక్రాన్లు. సరిహద్దు గీతకు ఒక పక్క పెద్ద త్రిభుజాలు ఒకవైపు చూస్తే, రెండో పక్క వాటి ప్రతిబింబం. చిప్ కొసలు సూదిమొనల్లా సన్నబడి, లోహపు బోలు వేవ్‌గైడ్లోకి దూరతాయి. తరంగాన్ని ఎక్కించేదీ దించేదీ ఆ మొనల దగ్గరే.

గీతను పది చోట్ల వంచారు. అయిదు 120 డిగ్రీల మలుపులు, అయిదు 60 డిగ్రీలవి. దాని మీదుగా సెకనుకు 11 గిగాబిట్లు తప్పుల్లేకుండా పంపారు, కుదించని 4కె వీడియోను ప్రత్యక్షంగా ఆడించి చూపారు. వాహక పౌనఃపున్యం 0.335 టెరాహెర్ట్జ్ దరిదాపు. వాతావరణంలోని నీటి ఆవిరి పీల్చుకునే 0.325 గీత పక్కనే ఉన్నా, రెండు మూడు సెంటీమీటర్ల చిప్‌లో దానితో పనిలేదు.

మలుపులు 60, 120 మాత్రమే ఎందుకు? త్రిభుజ జాలకం వరసలు ఆ కోణాల్లోనే తిరుగుతాయి. 90 డిగ్రీలు తిప్పితే ఒక ముక్క జాలకానికి అడ్డదిక్కులో పడుతుంది. అక్కడ రెండు వ్యాలీలూ ఒకే చోటికి ముడుచుకుపోయి, గోడే లేకుండా పోతుంది. చిప్ డిజైన్ ప్రపంచమంతా లంబకోణాల మీద నడుస్తుంటే ‘ఎలాంటి మలుపైనా’ అన్న ప్రచారంలోంచి లంబకోణాన్ని మినహాయించుకోవాలి. ఇది చిన్న విషయం కాదు.

తర్వాతి నాలుగేళ్ళు

అదే 2020లో సింగపూర్‌లోనే చీ జియె వాంగ్ బృందం నేచర్‌లో మరో పని ప్రచురించింది. విద్యుత్తుతో నడిచే టెరాహెర్ట్జ్ క్వాంటమ్ కాస్కేడ్ లేజర్‌లో వ్యాలీ గీతను త్రిభుజపు ఉచ్చుగా మడిచారు. మూడు పదునైన మూలలున్నా కాంతి ఉచ్చు చుట్టూ సాఫీగా తిరిగి, సమాన దూరాల్లో లేజర్ రేఖలు ఇచ్చింది. ఇది సుమారు 3 టెరాహెర్ట్జ్ దగ్గర, అతిశీతలంలో పనిచేసింది. మూలల మహిమను ఇంత సూటిగా చూపిన ప్రయోగం మరొకటి లేదనే చెప్పాలి.

2022లో అభిషేక్ కుమార్, రంజన్ సింగ్ తదితరులు వ్యాలీ వేవ్‌గైడ్ మీద సెకనుకు 160 గిగాబిట్లు పంపారు. సిలికాన్ మీద లేజర్ వెలుగు వేసి, అక్కడ పుట్టే ఆవేశాలతో ఛానళ్ళను విడగొట్టే భాగాన్ని అదుపు చేశారు. 2024లో నేచర్‌లో వచ్చిన పుంజ నిర్మాణ చిప్ చుట్టూ 360 డిగ్రీలకూ పుంజాలు పంపి, 72 గిగాబిట్ల దాకా అందుకుంది. చైనాలో నాన్‌కాయ్ విశ్వవిద్యాలయం వారు లిథియం నియోబేట్ మీద వేరే దారి పట్టారు. అక్కడ తరంగాన్ని బయటినుంచి ఎక్కించలేదు, చిప్ లోపలే పుట్టించి, టోపాలజీతో ఒక చోట బంధించారు.

ఈ అంకెల పెరుగుదలకు టోపాలజీ ఒక్కటే కారణం కాదు. 11 నుంచి 160కి చేరడంలో సంకేతాన్ని మలచే పద్ధతులకూ, ఫోటోడయోడ్లకూ, కొలత పరికరాలకూ పెద్ద వాటా ఉంది. గిగాబిట్ల అంకెను టోపాలజీ విజయానికి కొలబద్దగా వాడటం సరికాదు.

డెన్మార్క్ అభ్యంతరం

2023లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సోరెన్ స్టోబే బృందం నేచర్ ఫోటానిక్స్‌లోనే అడగాల్సిన ప్రశ్న అడిగింది. వెనక్కి కొట్టదని ఇన్నేళ్ళుగా అంటున్నారు, మరి దారి పొడుగునా జరిగే నష్టం ఎవరైనా కొలిచారా? కొలిచిన దాఖలా లేదు. టెలికాం కాంతితో, ఎంతో నాణ్యంగా చెక్కిన వ్యాలీ వేవ్‌గైడ్లలో, కాంతి నెమ్మదించే ప్రాంతంలో వాళ్ళు కొలిచారు. తప్పించుకోలేని చిన్నచిన్న చెక్కుడు లోపాల నుంచి టోపాలజీ ఇచ్చిన రక్షణ ఏమీ కనబడలేదు. కాంతి దారిలోనే చిక్కుకుపోయి, ఆండర్సన్ స్థానీకరణ అని పిలిచే స్థితికి వచ్చింది. అయస్కాంతం లేని ఫోటానిక్స్‌లో టోపలాజికల్ రక్షణకు ఆచరణలో విలువ ఎంత అన్నదే ప్రశ్న అయిందని వాళ్ళు రాశారు.

దీనికి రెండేళ్ళ ముందే నెదర్లాండ్స్‌లో కోబస్ కైపర్స్, ఎవర్ట్ వెర్‌హాగెన్ బృందాలు వేరే కొలత చేశాయి. వేవ్‌గైడ్ ఉపరితలానికి అతి దగ్గరగా సూదిమొనతో తడుముతూ ముందుకు పోయే తరంగాన్నీ వెనక్కి వచ్చేదాన్నీ విడదీసి చూశారు. మూలల దగ్గర వెనక్కి కొట్టే శక్తి, మామూలు ఫోటానిక్ క్రిస్టల్ వేవ్‌గైడ్‌తో (టోపాలజీ లేకుండా చిల్లుల వరసలతోనే తరంగాన్ని పట్టి ఉంచేది) పోలిస్తే సుమారు వంద రెట్లు తక్కువ.

పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. నెదర్లాండ్స్ వారు చూసింది జాలకం దిక్కులోనే తిరిగే, పక్కాగా గీసిన మూల. అలాంటి మూల రెండు వ్యాలీలను కలపదు, కాబట్టి రక్షణ దొరికింది. డెన్మార్క్ వారు చూసింది ఏ వరసా లేని గరుకుదనం. అది రెంటినీ కలుపుతుంది, కాబట్టి దొరకలేదు. పైగా వాళ్ళు ఎంచుకున్న నెమ్మది కాంతి లోపాలకు అన్నిటికన్నా ముందు బలయ్యేది. రెండు ఫలితాలూ ఒకే సిద్ధాంతంలోంచి వస్తాయి. పది మలుపుల బొమ్మ చూసి ‘లోపాలకు అతీతం’ అని రాసుకున్నవాళ్ళే ఇబ్బందిలో పడ్డారు.

ఆ తీర్పు టెరాహెర్ట్జ్‌కు చెల్లుతుందా

టెరాహెర్ట్జ్ వర్గం నుంచి తరచు వినబడే జవాబు ఒకటుంది. మా చిల్లులు వంద మైక్రాన్లవి, చెక్కుడులో మైక్రాన్ తేడా వచ్చినా మాకు లెక్క కాదు అని. లెక్క వేసి చూస్తే ఈ జవాబు సగమే నిలబడుతుంది. 242.5లో ఒక మైక్రాన్ అంటే 0.4 శాతం. టెలికాం చిప్‌లో గడి సుమారు అర మైక్రాన్. అందులో 2 నానోమీటర్లు తప్పితే అదే 0.4 శాతం. మంచి ప్రయోగశాలలు నానోమీటర్ స్థాయిలో చెక్కగలుగుతున్నాయి. అంటే తరంగానికి కనబడే గరుకుదనం రెండు చోట్లా ఒకే కోవలో ఉంటుంది. పరిమాణం పెద్దదైనంత మాత్రాన మినహాయింపు రాదు.

కాపాడేది వేరే రెండు సంగతులు. మొదటిది గడుల లెక్క. 26 మిల్లీమీటర్ల చిప్ ఈ కొస నుంచి ఆ కొసకు వందకు కాస్త ఎక్కువ గడులు. టెలికాం చిప్‌లో ఒక్క మిల్లీమీటరు దాటితేనే రెండు వేల గడులు. లోపాల నష్టం గడి గడికీ పేరుకునేది కనుక టెరాహెర్ట్జ్ తరంగం పేరుకునేలోపే బయటపడుతుంది. రెండోది వేగం. టెరాహెర్ట్జ్ సమాచార చిప్పులు ఖాళీ మధ్యలో, వేగం దాదాపు స్థిరంగా ఉండే చోట నడుస్తాయి, నెమ్మది కాంతి జోలికి పోవు. వెనక్కి చెదరడం కాంతి నెమ్మదించేకొద్దీ ఆ నెమ్మది వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది.

కాబట్టి డెన్మార్క్ ఫలితం ఇవాళ్టి టెరాహెర్ట్జ్ చిప్పులను కూలదోయదు. కానీ వాటిని కాపాడుతున్నది టోపాలజీ అన్న మాటకూ బలం ఇవ్వదు. పొట్టి దారి, మామూలు వేగం ఏ వేవ్‌గైడ్‌కైనా మేలే చేస్తాయి. సున్నితమైన సెన్సర్ల కోసమో, ఫిల్టర్ల కోసమో అదే గీతను వలయంగా మడిస్తే తరంగం వేల గడులు తిరగాల్సి వస్తుంది. అప్పుడు ఆ విమర్శ పూర్తిగా తగులుతుంది.

పోటీలో ఉన్నవాళ్ళు

టోపాలజీ ఊసు లేని సిలికాన్ వేవ్‌గైడ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. 2015లో ఒసాకా బృందమే మామూలు ఫోటానిక్ క్రిస్టల్ పలకలో సెంటీమీటరుకు 0.1 డెసిబెల్ కన్నా తక్కువ నష్టం చూపింది. వంపుకు 0.2 డెసిబెల్. కాకపోతే ఆ ఫలితం దొరికింది 0.33 టెరాహెర్ట్జ్ దరిదాపుల్లో కొద్ది గిగాహెర్ట్జ్‌ల మేరే. 2019లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం, ఒసాకాతో కలిసి, తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న చిల్లులతో సిలికాన్‌ను పలచబరిచి కమ్మీకి ఆసరాగా వాడింది. 260 నుంచి 400 గిగాహెర్ట్జ్ దాకా సగటు నష్టం సెంటీమీటరుకు 0.05 డెసిబెల్ దరిదాపు. మూడు పోటీ పద్ధతుల వెనకా ఒసాకా చెయ్యే ఉండటం ఈ రంగంలో ఒక తమాషా. అక్కడివాళ్ళకు తమ పనే తమకు పోటీ.

తూకం వేస్తే, వెడల్పైన పట్టీ, అతి తక్కువ నష్టం కావాలంటే, మలుపులు మెల్లగా తిప్పడానికి చోటుంటే అడిలైడ్ కమ్మీ మెరుగు. దాని పట్టీ 140 గిగాహెర్ట్జ్ అయితే తొలి వ్యాలీ చిప్‌ది సుమారు 30. మామూలు ఫోటానిక్ క్రిస్టల్‌లో వంపు బాగానే కుదురుతుంది గానీ పట్టీ ఇరుకు. ఇరుకు చోటులో పదే పదే తిరగాలన్నా, దారులు చీల్చి కలపాలన్నా, ఆ పని పదుల గిగాహెర్ట్జ్‌ల మేర ఒకేలా జరగాలన్నా వ్యాలీ ముందుంటుంది. పుంజ నిర్మాణ చిప్‌లో దారులు పదే పదే చీలి, ఒకదాన్నొకటి దాటుతాయి. వ్యాలీకి అసలైన ఉపయోగం అక్కడ కనబడింది.

ఇంతకీ ఈ పోలికంతా వేర్వేరు ప్రయోగశాలల్లో, వేర్వేరు వేఫర్ల మీద, వేర్వేరు మొనలతో చేసిన కొలతల మధ్య. మొన దగ్గరి నష్టం ఎంత, దారిలోది ఎంత అని విడదీసే పద్ధతే ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటే డెసిబెల్‌లో నూరో వంతు తేడాల మీద తీర్పు చెప్పలేం.

ఇంకా తేలనివి

సిద్ధాంతంలో తేలాల్సింది, వ్యాలీ పద్ధతిలో ఖాళీని ఎంత వెడల్పు చేస్తే మలుపు రక్షణ చెడుతుందన్నది. కొందరు ఖాళీ ఎంత పెంచినా మలుపు బాగానే ఉందంటున్నారు. అదే నిజమైతే అక్కడ పనిచేస్తున్నది టోపాలజీ కాదు, జాలకపు సౌష్ఠవం కుదిర్చిన తరంగాల పొందిక అనుకోవాలి. ఇంజనీరుకు ఈ తేడాతో నిమిత్తం లేకపోవచ్చు. తర్వాతి చిప్‌కు ఏ సూత్రం పట్టుకుని గీయాలో తెలియాలంటే మాత్రం ఇది తేలాలి.

పరికరాల వైపు అడ్డంకి టోపాలజీది కాదు. గది ఉష్ణోగ్రతలో టెరాహెర్ట్జ్ తరంగాలు పుట్టించే రెజొనెంట్ టన్నెలింగ్ డయోడ్ల శక్తి తక్కువ. టెరాహెర్ట్జ్ క్వాంటమ్ కాస్కేడ్ లేజర్లు 2002లో పుట్టినప్పటి నుంచి చలువ కోరుతూనే ఉన్నాయి. 2020లో ఎంఐటీ బృందం వాటిని 250 కెల్విన్ దాకా, అంటే సున్నాకు 23 డిగ్రీల దిగువకు తెచ్చింది. లేజర్ వెలుగుతో సిలికాన్‌ను అదుపు చేసే స్విచ్చులు తరంగాన్ని కొంత మింగే పనిచేస్తాయి. వెనక్కి కొట్టకుండా జాగ్రత్తపడి తెచ్చిన తరంగాన్ని చివర స్విచ్ దగ్గర పోగొట్టుకోవడం వింతగానే ఉంటుంది. అయస్కాంతంతో నడిచే నిఖార్సైన ఒకవైపు దారి టెరాహెర్ట్జ్ చిప్ మీద తక్కువ నష్టంతో ఇంకా రాలేదు. అది వచ్చిన రోజు ఈ సమీక్షలో చాలా భాగం తిరగరాయాల్సి వస్తుంది.

ప్రస్తుతానికి తీర్పు ఇది. వ్యాలీ టోపాలజీ టెరాహెర్ట్జ్ చిప్‌కు 60, 120 డిగ్రీల మలుపుల్లో స్వేచ్ఛ ఇచ్చింది, నష్టం నుంచి అభయం ఇవ్వలేదు. ఈ రంగంలో కొత్త పత్రం చేతికొస్తే గిగాబిట్ల అంకె దగ్గర ఆగకండి. అదే వేఫర్ మీద, అదే మందంలో, అవే మొనలతో మామూలు వేవ్‌గైడ్‌ను కూడా చెక్కి కొలిచారా, దారి పొడవు పెంచుకుంటూ నష్టం విడిగా చెప్పారా అన్నది మొదట చూడండి. ఆ రెండూ లేని పత్రంలో ‘రక్షణ’ అన్న మాటను రచయితల ఆశగానే తీసుకోండి.